పట్టుదల సంగతి తర్వాత, ముందు వేగం తగ్గించు

చిరంజీవి చిన్నమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

“సంక్రాంతికి ముందు మొదలుపెట్టిన జాగింగ్ పదిరోజులకే మానేశాను పెద్దమ్మా, నాకు పట్టుదల లేదు” అని నిన్న ఫోనులో అన్నావు. ఆ మాట నేను ఒప్పుకోను. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని బ్యాంకు పరీక్షకు చదివినదానివి, నీకు పట్టుదల లేకపోవడం ఏమిటి? ఎలా పరుగెత్తావని అడిగితే “స్టేడియంలో రెండు రౌండ్లు ఆగకుండా పరుగెత్తేదాన్ని, మూడో రౌండుకు కళ్లు తిరిగేవి” అన్నావు. కారణం నాకు అక్కడే దొరికింది. సగం చెప్పేసరికి మీ ఇంటికి ఎవరో వచ్చారు కాబట్టి మిగతాది రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నా ఉద్యోగకాలమంతా జిల్లా పరిషత్ బడుల మైదానాల్లోనే గడిచింది. పిల్లలనూ చూశాను, పెద్దయ్యాక పరుగు మొదలుపెట్టినవాళ్లనూ చూశాను. పెద్దవాళ్లు మానేసేది ఎక్కువగా బద్ధకం వల్ల కాదు, వేగం వల్ల. ఏ ఉదయమైనా హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ట్రాక్ పక్కన కాసేపు నిలబడి చూడు. కొత్తవాళ్లను ఇట్టే గుర్తుపట్టవచ్చు. లేసులు బిగించుకోగానే లోపలి వరుసలో నేరుగా పరుగు అందుకుంటారు. మొదటి మలుపు దాకా బాగానే ఉంటుంది. రెండో మలుపుకు భుజాలు చెవుల దాకా ఎక్కుతాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, గడ్డం పైకి లేస్తుంది, అడుగులు దబదబా పడతాయి. రౌండు పూర్తికాగానే మోకాళ్లమీద చేతులు పెట్టి వంగిపోతారు. అదే సమయంలో అరవై దాటిన ఒకాయన, నడక కంటే కొంచెమే ఎక్కువ వేగంతో, పక్కవాళ్లతో పత్తి ధర గురించి మాట్లాడుకుంటూ వాళ్లను దాటి వెళతాడు. కొత్తవాళ్లు ఇంటికి వెళ్లిపోయాక కూడా ఆయన తిరుగుతూనే ఉంటాడు.

రోజూ కళ్లు తిరిగేదాకా పరుగెత్తితే మరునాడు ఉదయం ఆ ఆయాసమే గుర్తుకు వస్తుంది, దుప్పటి వదలబుద్ధి కాదు. దాన్ని నువ్వు బద్ధకం అంటున్నావు. నన్నడిగితే, శిక్ష అనుభవించిన చోటికి మళ్లీ వెళ్లడానికి ఒళ్లు ఒప్పుకోవడం లేదంటాను. మొదటి రెండు నెలలు నీ పని ఎక్కువ దూరం పరుగెత్తడం కాదు, ఎల్లుండి మళ్లీ రావాలనిపించేలా ఈరోజు పరుగు ఆపడం. ఆపిన క్షణంలో “ఇంకో ఐదు నిమిషాలైనా పరుగెత్తగలను” అనిపించాలి. అలా అనిపించినా సరే, ఆ ఐదు నిమిషాలు పరుగెత్తకుండా ఇంటికి రావాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నా మాట కచ్చితంగా విను.

సరైన వేగం ఎంతో తెలుసుకోవడానికి గడియారాలు, యంత్రాలు అక్కరలేదు. మాట్లాడి చూసుకుంటే చాలు. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడు. ఎవరూ లేకపోతే తెలుగు నెలల పేర్లు పైకి చెప్పుకో. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం, ఆషాఢం వరకు ఒక్క ఊపిరిలో చెప్పగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. వైశాఖం దగ్గరే ఊపిరి అందకపోతే తగ్గించు. తగ్గిస్తే అది నడకలాగే ఉంటుందని అనుకుంటావేమో, ఉండనీ. ట్రాక్ లోపలి వరుసలో ఒక చుట్టు 400 మీటర్లు. నీకు ఆ చుట్టుకు మూడు నిమిషాలకు పైగా పట్టాలి. మన వరంగల్ జిల్లాలోనే పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి అదే 400 మీటర్లను 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో పరుగెత్తి, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డు సాధించింది. ఆ ఏడాదే పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. అంత వేగం ఉన్న క్రీడాకారులు కూడా సాధనకు ముందు మైదానం చుట్టూ ఎంత నెమ్మదిగా జాగింగ్ చేస్తారో చూస్తే నీకు ఆశ్చర్యం వేస్తుంది. నెమ్మదిగా పరుగెత్తడానికి సిగ్గుపడేది కొత్తవాళ్లు మాత్రమే.

ఇంకో సంగతి. మొదటి కొన్ని నిమిషాలు ఎవరికైనా భారంగానే ఉంటాయి. పరుగు మొదలవగానే కండరాలు ఆక్సిజన్ ఎక్కువగా అడుగుతాయి, గుండె, ఊపిరితిత్తులు ఆ అవసరాన్ని అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఆ భారాన్ని చూసి “ఈరోజు నావల్ల కాదు” అని తీర్పు చెప్పేయకు. ఐదు నిమిషాలు చురుగ్గా నడిచాకే పరుగు మొదలుపెడితే ఆ భారం చాలావరకు తగ్గుతుంది.

లెక్క కావాలని అడిగావు కాబట్టి చెబుతున్నాను. 1996లో అమెరికాలో జాష్ క్లార్క్ అనే ఆయన వాళ్లమ్మలాంటి కొత్తవాళ్లకోసం తొమ్మిది వారాల పద్ధతి ఒకటి తయారుచేశారు. వారానికి మూడు రోజులే. మొదటి వారం ఐదు నిమిషాల నడక తర్వాత, ఒక నిమిషం జాగింగ్, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ నడక తగ్గి పరుగు పెరుగుతుంది, చివరికి అరగంట ఆగకుండా పరుగెత్తుతారు. కొత్తవాళ్లకు దీనికంటే మంచి పద్ధతి నేను చూడలేదు. ఒక వారం కష్టంగా ఉంటే అదే వారాన్ని మళ్లీ చెయ్యి, ముందుకు వెళ్లాలన్న తొందర వద్దు. గుండె, ఊపిరి కొద్ది వారాల్లోనే అలవాటుపడతాయి. ఎముకలకు, కండరాలను వాటితో కలిపే స్నాయువులకు నెలలు పడుతుంది. అందుకే “ఊపిరి అందుతోంది కదా” అని ఒక్కసారిగా పెంచినవాళ్లకు మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. నొప్పి ఒకేచోట గుచ్చినట్టుగా ఉన్నా, కుంటుతూ నడవాల్సి వస్తున్నా పరుగు ఆపి డాక్టరుకు చూపించు. ఛాతీలో బిగింపు, కళ్లు తిరగడం ఉంటే అక్కడికక్కడే ఆగిపోవాలి. మీ నాన్నకు షుగరు ఉంది కాబట్టి మొదలుపెట్టే ముందే నువ్వు బీపీ, షుగరు ఒకసారి చూపించుకో. ఇప్పటికే కళ్లు తిరిగాయి అన్నావు, ఆ మాట కూడా డాక్టరుకు చెప్పు.

ఇక ఉదయాల సంగతి. వరుసగా రోజూ అనుకుంటే నీ ఇంట్లో కుదరదు. సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకో. ఆ మూడు ఉదయాలు పిల్లల టిఫిను డబ్బాలు ఎవరు కట్టాలి, చిన్నవాడికి స్నానం ఎవరు చేయించాలి అన్నది మీ ఆయనతో ఆదివారం రాత్రే తేల్చుకో. నా దృష్టిలో ఇది బూట్ల కంటే ముఖ్యం. ఆడవాళ్ల పరుగు మైదానంలో ఆగిపోవడం తక్కువ, వంటింట్లో ఆగిపోవడమే ఎక్కువ. ఇంట్లో అందరూ లేచేలోగా దొంగచాటుగా వెళ్లి రావాలని చూడకు. నీకు ఆ నలభై నిమిషాలు కావాలని నోరు తెరిచి చెప్పు. మీ ఆయన మంచివాడు, చెబితే వింటాడు. చెప్పకుండానే అర్థం చేసుకోవాలనుకుంటే మాత్రం ఏళ్లు పడుతుంది.

ఒక చిన్న ఉపాయం కూడా ఉంది. పాల ప్యాకెట్లు తెచ్చే పని ఆ మూడు రోజులు నువ్వే తీసుకో. పరుగు ముగించి వచ్చేటప్పుడు పాల బూత్ దగ్గర ఆగి తీసుకురా. నువ్వు బయటికి వెళ్లకపోతే ఇంట్లో చాయ్ ఉండదు. నీ మనసు “ఈరోజు వద్దులే” అన్నా పాలకోసం చెప్పులేసుకోక తప్పదు, ఆ చెప్పుల స్థానంలో బూట్లు వేసుకో. రాత్రే బూట్లు, సాక్సులు, టీషర్టు, ట్రాక్ ప్యాంటు, పాలకు చిల్లర అన్నీ తలుపు దగ్గర పెట్టుకో. చీకట్లో బీరువా వెతకడం మొదలుపెడితే సగం ఉత్సాహం అక్కడే పోతుంది.

లండన్‌లో పరిశోధకులు 96 మందిని పరిశీలించి, కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని తేల్చారు. కొందరికి 18 రోజులు చాలాయి, కొందరికి 254 రోజుల వరకు పడుతుందని లెక్క తేలింది. ఆ పరిశీలనలో నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. మధ్యలో ఒకరోజు తప్పిపోయినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. నువ్వు పదిరోజులకే నీమీద నువ్వు కోపం తెచ్చుకున్నావు చూడు, అది తొందరపాటు. పెళ్లిళ్లు వస్తాయి, బ్యాంకులో మార్చి నెలాఖరు వస్తుంది, బతుకమ్మ తొమ్మిది రోజులు రాత్రిళ్లు ఆలస్యంగా పడుకుంటాం. ఒక ఉదయం తప్పితే తప్పనీ, దాన్ని మరునాడు రెట్టింపు పరుగెత్తి పూడ్చాలని చూడకు. వారం రెండు వారాలు ఆగిపోతే మాత్రం రెండు మెట్లు దిగి మొదలుపెట్టు. నెలసరి రోజుల్లో ఒంట్లో బాగుంటే పరుగెత్తవచ్చు, బాగోలేకపోతే నడువు. అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు.

చోటు గురించి. స్టేడియం సింథటిక్ ట్రాక్ 2021 సెప్టెంబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన ట్రాక్, కాలికి మెత్తగా ఉంటుంది. అయితే చుట్లు తిరుగుతూ ఉంటే కొందరికి విసుగు పుడుతుంది. నువ్వు లెక్కలు వేసే మనిషివి కాబట్టి ట్రాక్ మీద “ఇంకా రెండు రౌండ్లు” అని వేగం పెంచేస్తావేమోనని నా అనుమానం. వారంలో ఒక రోజైనా వడ్డేపల్లి చెరువు కట్టమీదికో, భద్రకాళి చెరువు వైపుకో, కాకతీయ యూనివర్సిటీ లోపలికో వెళ్లు. యూనివర్సిటీలో చెట్ల నీడ బాగుంటుంది, ఉదయం నడిచే ఆడవాళ్లు కూడా చాలామంది ఉంటారు. చీకటి ఉండగా ఒంటరిగా కట్టమీదికి వెళ్లవద్దు, తెల్లవారాకే వెళ్లు. ఇప్పుడు మంచు పడుతోంది కాబట్టి ఆరున్నరకు బయలుదేరినా నష్టం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆరున్నరకల్లా ఇంటికి చేరిపోవాలి, మన ఓరుగల్లు ఎండ నీకు తెలియనిది కాదు. అప్పుడు ముందురోజు రాత్రి నుంచే నీళ్లు బాగా తాగు. కుక్కలు వెంటపడితే పరుగెత్తకు, ఆగి, వాటి కళ్లలోకి చూడకుండా మెల్లగా నడు.

బూట్లు జాగింగ్ కోసం చేసినవే కొనుక్కో, బొటనవేలి ముందు వేలెడు వెడల్పు ఖాళీ ఉండాలి. సాయంత్రం పూట కొను, అప్పుడు పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. మంచి స్పోర్ట్స్ బ్రా ఒకటి తప్పనిసరి, దానికి పెట్టే డబ్బుకు వెనకాడకు. చున్నీ ఇంట్లో వదిలెయ్యి. తిండి విషయంలో పెద్ద హంగామా వద్దు, ఖాళీ కడుపుతో నీరసం అనిపిస్తే సగం అరటిపండు తిని వెళ్లు.

చూసేవాళ్లు ఏమనుకుంటారో అని నువ్వు సగంలో ఆపిన మాట నాకు వినిపించింది. మొదటి వారం చూస్తారు. రెండో వారం గుర్తుపడతారు. ఆ తర్వాత నువ్వు ఒకరోజు రాకపోతే “నిన్న రాలేదేమ్మా?” అని అడుగుతారు. ఆ అడిగే మనిషి ఒక్కరు దొరికితే చాలు, నీ పరుగు సగం నిలబడినట్టే. పేరు కూడా తెలియనక్కరలేదు, రోజూ ఎదురయ్యేవాళ్లను చూసి ముందు నువ్వే నవ్వు.

బరువు తగ్గడం కోసమే మొదలుపెట్టానన్నావు. ఆ ఆశతో రోజూ తూకం యంత్రం ఎక్కకు. ఒక కిలోమీటరు పరుగెత్తితే ఒంటి బరువులో కిలోకు దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. నువ్వు అరవై ఐదు కిలోలు ఉంటే, రెండు కిలోమీటర్లకు నూట ముప్పై. సాయంత్రం బ్యాంకు ఎదురుగా రెండు మిర్చి బజ్జీలు తింటే ఆ లెక్క సరిపోయింది. బరువు తిండితో తగ్గించుకోవాలి, పరుగు దానికి తోడు మాత్రమే. తూకంలో తేడా కనిపించకముందే వేరేచోట్ల కనిపిస్తుంది, వాటిని గమనించు. బ్యాంకు మెట్లు ఎక్కాక ఊపిరి ఎంతసేపు ఎగపడుతోంది? రాత్రి పడుకోగానే నిద్ర పడుతోందా? పిల్లలమీద విసుక్కోవడం తగ్గిందా? నేను చూసినవాళ్లలో మూడో వారం నుంచి ఎక్కువమంది ముందుగా చెప్పింది నిద్ర గురించే.

కిలోమీటర్లు చెప్పే యాప్‌లు ఇప్పుడు ఫోనులో వద్దు. మొదటి వారం రెండు కిలోమీటర్లని చూపిస్తుంది, ఎవరో స్నేహితురాలు పది అని పెడుతుంది, నీ మనసు చివుక్కుమంటుంది. వంటింటి గోడమీద కాలెండరులో వెళ్లిన రోజుకు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టు, అంతే. ఎంత దూరమో రాయవద్దు. నడిచి వచ్చినా టిక్కు పెట్టు.

ఉగాదికి ఇంకా రెండు నెలలుంది, తొమ్మిది వారాల లెక్క దగ్గరదగ్గరగా సరిపోతుంది. డాక్టరు సరేనన్నాక వచ్చే సోమవారం మొదలుపెట్టు. రాత్రి ఫోను చేసి చెప్పాల్సింది ఒక్కటే, నెలల పేర్లు ఎందాకా చెప్పగలిగావో. పండక్కి నేను నర్సంపేట నుంచి వచ్చినప్పుడు కాలెండరు చూస్తాను, పొద్దున్నే ఇద్దరం యూనివర్సిటీ వైపు వెళదాం. నా మోకాలు ఈ మధ్య పరుగు ఒప్పుకోవడం లేదు కాబట్టి నేను నడుస్తాను, నువ్వు ముందుకు వెళ్లి మళ్లీ వెనక్కి రా.

పిల్లలకు ముద్దులు. మీ ఆయనను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మ