మే నెలలో తలుపు బిగుసుకోదు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ వడ్రంగి కథ రెండుసార్లు చదివాను. తాత మాటతీరు బాగా పట్టుకున్నావు. కానీ మూడో పేజీలో, మండే మే నెలలో కొత్త తలుపు ఉబ్బి, నిలువునా పెరిగి గడపకు పట్టేసిందని రాశావు చూడు, చెక్కపని తెలిసినవాడు అక్కడే కథ మూసేస్తాడు.

మేలో చెక్క ఆరి కుదించుకుపోతుంది. ఉబ్బేది వానాకాలంలో, అదీ అడ్డంగా. పొడవులో వచ్చే మార్పు కంటికి ఆనదు. మామూలుగా కోసిన అడుగు వెడల్పు టేకు పలకలో తేమ 4 శాతం మారితే వెడల్పు 2 మిల్లీమీటర్ల పైచిలుకు మారుతుంది. టేకు బుద్ధిమంతురాలు కాబట్టి అంతటితో సరిపెడుతుంది. అందుకే తలుపుకి ముందు చట్రం కట్టి, లోపల గాడి తీసి, పలకను అందులోకి ఊరికే జారుస్తారు. జిగురుండదు, మేకుండదు, అంచుల దగ్గర కాస్త ఖాళీ కూడా ఉంటుంది. నీ తాత మాత్రం చుట్టూ ఫెవికాల్ పూసి మేకులు దిగ్గొట్టాడు! నలభై ఏళ్లు ఉలి పట్టినవాడితో ఆ పని చేయించకు.

ఆ తలుపును శ్రావణానికి జరుపు. గడియ వైపు అంచు ద్వారబంధానికి రాసుకుంటుంది. ఇంటాయన వెంటనే చిత్రిక పట్టమంటాడు. తాత ఒప్పుకోడు: "ఇప్పుడు చెక్కేస్తే ఎండాకాలం ఆ సందులోంచి వీధంతా కనబడుతుంది బాబూ." నీకు కావలసిన తగాదా ఇదే కదా.

ఇంకోటి. వానల్లో వార్నిష్ వేసిన తలుపును వేసవిలో దగ్గరగా చూడు. పలక ముడుచుకుని, గాడి పక్కన వార్నిష్ అంటని గీత ఒకటి బయటపడుతుంది, దారమంత సన్నగా, పాలిపోయి. తాత దాన్ని గోటితో తడిమితే చాలు, ఏ నెలో నువ్వు చెప్పక్కర్లేదు.

కథలోనూ ఇలా ఖాళీ వదలాలని పాఠం చెబుతానేమో అని టెన్షన్ పడకు, చెప్పను. నాదే ఓ తెలివితక్కువ పని చెబుతాను. రాతబల్ల చేయించినప్పుడు, పైపలకకు స్క్రూలు కదలకుండా బిగించమని పట్టుబట్టాను. మేస్త్రి పొడుగాటి బెజ్జాలు పెడతానన్నాడు, పలక ముడుచుకున్నా స్క్రూ జరగడానికి చోటుంటుందని. వినలేదు. మరుసటి ఏప్రిల్‌లో బల్ల మధ్యలో జానెడు పగులొచ్చింది. ఈ ఉత్తరం రాస్తుంటే పెన్ను రెండుసార్లు అందులో దిగబడింది.

మూడో పేజీ తిరగరాసి పంపు. శీర్షిక జోలికి మాత్రం వెళ్లకు, బాగుంది.

మీ అన్నయ్య