హైదరాబాద్ పేరున్న స్పిట్‌ఫైర్ కట్టబోతున్న మనవరాలికి

చిరంజీవి చిట్టితల్లికి, తాతయ్య ఆశీస్సులు.

నువ్వు రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ నమూనా కడుతున్నావని, అదీ హైదరాబాద్ పేరున్న 152వ స్క్వాడ్రన్ అనే విమాన దళానిదని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ సంతోషంలో చాలాసేపు నిద్ర పట్టలేదు. దసరా సెలవుల్లోనే పూర్తి చేసేస్తావట అనేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

ఆ దళం పేరులో హైదరాబాద్ ఎందుకుందని నీ స్నేహితులు తప్పక అడుగుతారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళం పెట్టిన పేరది. దళ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగాయే. 1940లో వార్మ్‌వెల్ విమాన స్థావరం నుంచి ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాపాడిన ఆ దళం 1943 చివర్లో బర్మా పోరుకు వచ్చింది. నీకు కావలసింది బర్మాలో ఎగిరిన మార్క్ 8 అనే రకం స్పిట్‌ఫైర్. మార్క్ 9 కూడా అచ్చం అలాగే కనబడుతుంది, మోసపోకు. మార్క్ 8 తోకచక్రం లోపలికి ముడుచుకుంటుంది, దానికి రెండు చిన్న తలుపులుంటాయి. నమూనా భాగాల పెట్టె కొనేముందు అవి చూడు.

భాగాలను సబ్బునీళ్లతో కడుగు. జిగురు పెట్టకముందే ఒకసారి అమర్చి చూసుకో. బ్లేడు ఎప్పుడూ వేలికి అవతలివైపే నడవాలి. రంగులు, థిన్నర్ బయటికి తీస్తే కిటికీలన్నీ తెరిచి ఉండాలి. ఈ ఒక్కటీ సలహా కాదు, ఆజ్ఞ.

ఇక పైలట్ తల మీద ఉండే గాజులాంటి ప్లాస్టిక్ మూత సంగతి. మీ నాన్న తొమ్మిదో తరగతిలో ఇలాగే ఒక స్పిట్‌ఫైర్ కట్టాడు. ఎంత ఓపికో వాడికి! సిగరెట్ పెట్టెలోని వెండి కాగితాన్ని సన్నగా కోసి సీటు బెల్టులు చేశాడు. మీటర్ల ముళ్ళను గుండుసూది మొనతో గీశాడు. మర్నాడు బడిలో ప్రదర్శన అనగా, రాత్రికి ఆ మూత ఒక్కటే మిగిలింది. తెల్ల జిగురు ఆరేదాకా ఆగలేక సూపర్ గ్లూ తీశాడు. రెండు చుక్కలే. మూత చక్కగా అతుక్కుంది. తెల్లవారి చూస్తే లోపలంతా పాలపొర. ఆ జిగురు గట్టిపడేటప్పుడు ఆవిరి వస్తుంది. మూత కింద దానికి దారి లేక ప్లాస్టిక్‌నే పట్టేస్తుంది. పైనుంచి ఎంత తుడిచినా పోదు, లాగితే పగులుతుంది. వాడి బెల్టులు, ముళ్ళు ఎవరి కంటా పడలేదు. వాడు ఏడవనైనా ఏడవలేదు. రంగులు, కుంచెలు ఒక పెట్టెలో సర్దేసి మళ్ళీ ముట్టలేదు. నా భయమంతా ఆ సర్దేయడం గురించే, తల్లీ. వేలు తెగితే కట్టు కట్టవచ్చు.

మూతకు ఫెవికాల్ వాడు, అగ్గిపుల్ల కొనతో అంచుకు మాత్రమే. ఆరితే కనబడదు, తప్పు జరిగితే తడిగుడ్డతో తుడిచేయవచ్చు. రాత్రంతా కదిలించకు.

రెక్కల మీది వలయాల నడుమ ఎర్రచుక్క ఉండకూడదు. జపాన్ విమానాల గుర్తు ఎర్రటి బింబం కనుక, సొంతవాళ్ళే పొరబడి కాల్చకుండా ఆ యుద్ధరంగంలో ఎరుపు తీసేసి, ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. పెట్టెలో ఎర్రచుక్క ఉన్న డెకాల్, అంటే విమానం మీద అంటించే బొమ్మ, వస్తే పక్కన పడేయి. ఈ దళం విమానాలు కొన్నింటి మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ ఉండేది. అది దొరికితే నీ అదృష్టం, లేకపోతే నేను వెతికి పంపుతాను.

రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు జానెడైనా ఉండని బొమ్మే. కానీ అసలు విమానంలో కూర్చున్న కుర్రాళ్ళలో చాలామంది నీకంటే నాలుగైదేళ్ళే పెద్దవాళ్ళు. సెలవులు అయిపోతే అయిపోనీ, సంక్రాంతిదాకా పట్టినా ఫర్వాలేదు. డెకాల్ షీటు ఫొటో తీసి పంపు. మూత పెట్టే రోజున మాత్రం మీ నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని, వాడి చేతే పెట్టించు.

ఇట్లు,
మీ తాతయ్య