ప్రశ్న-జవాబు: కొడుకు ఇంటి నుంచి కొండచరియల దాకా

ప్రశ్న: మా అబ్బాయి కుటుంబం ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఉంటోంది. ఈ వేసవిలో ఆరు వారాలు వారి దగ్గర ఉండి, మధ్యలో వారం రోజులు వీపుసంచితో తీరమూ పల్లెలూ నడిచి చూడాలనుకుంటున్నాము. ఎక్కడికి వెళ్లాలి?

జవాబు: మీకు దగ్గరలోనే, మైన్‌హెడ్ నుంచి పూల్ రేవు దాకా, 1,014 కిలోమీటర్ల నైరుతి తీరబాట ఉంది. అంతా నడవాలన్న పంతం వద్దు. రైలులో సెయింట్ ఎర్త్ చేరి, అక్కడ మారి సెయింట్ ఐవ్స్‌లో దిగి, జెన్నార్ అనే పల్లె వైపు నడవండి. పది కిలోమీటర్ల పైచిలుకే అయినా, రాళ్ల మీద అడుగు చూసుకుంటూ ఎక్కి దిగవలసిన దారి కనుక పూటంతా పడుతుంది. నా లెక్కలో ఆ ఒక్క పూట మిగతా వారమంతటికీ సాటి. దారి పొడవునా స్తంభాల మీద చెక్కిన ఓక్ గింజ గుర్తే మీకు ఆనవాలు.

గుడారం మోసుకెళ్లే ముందు ఆలోచించండి. ఇంగ్లండులో భూయజమాని అనుమతి లేకుండా ఎక్కడపడితే అక్కడ గుడారం వేయడానికి వీలులేదు. డెవన్‌లోని డార్ట్‌మూర్ అనే బీడు కొండప్రాంతపు ఉమ్మడి భూముల్లో మాత్రం అనుమతి లేకుండా గుడారం వేసే హక్కు ఉందని 2025లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. మీరు నడిచే తీరంలో ఆ వీలు లేదు కనుక హాస్టళ్లలో ముందే పడకలు ఖాయం చేసుకుంటే సంచి బరువూ తగ్గుతుంది.

పొలాల మధ్య గేటు తెరిచి ఉంటే తెరిచినట్టే, మూసి ఉంటే మూసినట్టే వదలాలి. ఇసుకతీరాల్లో దిగేముందు ఆటుపోట్ల వేళలు తప్పక చూసుకోండి. బ్రిస్టల్ చానెల్ అనే సముద్రపాయలో నీటిమట్టం 14 మీటర్ల దాకా మారుతుంది. వీసా విషయానికి వస్తే, మామూలు సందర్శక వీసాతో ఆరు నెలల వరకు ఉండవచ్చు.