హైపోలో లేని రకారం

‘హైపో’తో మొదలయ్యే వైద్య పదాలు ఇన్ని ఉన్నాయే, వాటిని ‘హైపర్’తో మొదలయ్యే వాటితో పొరబడకుండా గుర్తుంచుకోవడం ఎలాగని మీరు అడిగారు. నేను కోనసీమలో తెలుగు మాధ్యమంలో ముప్పై ఏళ్లు జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. తరగతి గదిలో ఇది నాకు ఒక మార్కు ప్రశ్నగానే కనిపించేది. 2006 ఆగస్టు వరదల్లో ఒక రాత్రి ఇది మా నాన్నగారి ప్రాణం మీదికి వచ్చింది కనుక, ముందు ఆ రాత్రి సంగతి చెప్పి, గుర్తుంచుకునే దారి తరువాత చెబుతాను.

మాది వైనతేయ పాయ ఒడ్డున ఉన్న లంక గ్రామం. నాన్నగారికి అప్పటికి డెబ్బై నాలుగేళ్లు. అంతకు రెండు వారాల ముందు షుగర్ నాలుగు వందలు దాటిందని పట్టణంలోని ఒక ఆసుపత్రిలో చేర్చితే, ఇన్సులిన్ మొదలుపెట్టి ఇంటికి పంపించారు. వరదకు కాజ్‌వే మునిగిపోయింది, రెండు రోజులుగా కరెంటు లేదు, ఫ్రిజ్ పనిచేయనందువల్ల ఇన్సులిన్ సీసాను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టుకున్నాము. ఆ రోజు ఆయనకు జ్వరం. అలవాటు ప్రకారం సాయంత్రం ఇంజక్షన్ వేసుకున్నారు గాని, నాలుగు ముద్దల చారన్నం కూడా సహించక కంచం పక్కకు పెట్టేశారు. రాత్రి పదకొండున్నర ప్రాంతంలో అమ్మ కేక వేసింది. వెళ్లి చూస్తే బనియను తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది, ఒళ్లు చల్లబడింది, చేతులు వణుకుతున్నాయి. ఎప్పుడో పోయిన తన తమ్ముడి పేరుతో నన్ను పిలుస్తూ, పడవ వచ్చిందా అని అడుగుతున్నారు.

ఇంట్లో షుగర్ కొలిచే పరికరం లేదు. మాకున్న ఒకే ఆధారం ఆసుపత్రివారు ఇచ్చిన డిశ్చార్జి కాగితం. దాని అడుగున ఇంగ్లీషులో, గొలుసుకట్టు చేతిరాతలో ఒక మాట, ఆ పక్కనే వెంటనే తీసుకురమ్మని ఒక ముక్క రాసి ఉన్నాయి. మా బావగారు లాంతరు వెలుగులో ఆ మాటను ‘హైపర్’ అని చదివారు. “మావయ్యగారికి షుగర్ పెరిగింది బావా, మొన్న ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడూ ఇలాగే సోలిపోయారు కదా, ఇంకో పది యూనిట్లు వేసేద్దాం” అంటూ కుండలోంచి సీసా పైకి తీశారు. అమ్మ, ఆత్రేయపురం చుట్టాలు తెచ్చిన పూతరేకు ఒకటి విరిచి నాన్నగారి నోట్లో పెట్టబోతే, తీపి పెడితే మనిషి దక్కడని ఆమె చేయి పట్టుకుని ఆపారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో ఏమీ చేయలేదు. రెండు వారాలుగా ‘షుగర్ పెరగకూడదు’ అన్న మాట తప్ప మరొకటి మా ఇంట్లో ఎవరి చెవినా పడలేదు; తగ్గినా ప్రమాదమేనని చెప్పినవారు లేరు.

అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్న నా భార్య అన్నది: “నాకున్నది హైపోథైరాయిడు కదండీ. గ్రంథి తక్కువ పనిచేస్తోందనే కదా రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటున్నాను. ఆ కాగితం మీద ఉన్నది హైపో అయితే షుగర్ తగ్గిందని కదా అర్థం.” నేను కాగితం లాంతరుకు ఆనించి మళ్లీ చూశాను. ఆ మాట చివర ఉన్నది ఒక్క గుండ్రని అక్షరం. దాని తరువాత కలం జారి సాగిన తోకను మేము మరో అక్షరం అనుకున్నాము. నాన్నగారు మింగగలిగే స్థితిలోనే ఉన్నారు. అరగ్లాసు నీళ్లలో మూడు చెంచాల పంచదార కలిపి గుక్కగుక్కగా తాగించాము. పావుగంటలో వణుకు తగ్గింది. మరి కాసేపటికి నన్ను నా పేరుతోనే పిలిచి, దీపం ముఖానికి ఇంత దగ్గరగా ఎందుకు పెట్టారని అడిగారు. ఆ తరువాత పాలు కలిపిన అన్నం తిన్నారు.

తెల్లవారి పడవ మీద ఏటి అవతలికి తీసుకువెళ్లినప్పుడు అక్కడి డాక్టరుగారు ఓపికగా వివరించారు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కన్నా తగ్గితే దాన్ని హైపోగ్లైసీమియా అంటారు. చల్లని చెమట, వణుకు, గుండెదడ, తికమక మాటలు దాని గుర్తులు. మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల పంచదారో గ్లూకోజో నీళ్లలో ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పూతరేకులోనూ పంచదార ఉంటుంది గాని, నెయ్యి వల్ల అది రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. ఇంకో పది యూనిట్లు వేసి ఉంటే ఏమయ్యేదని నేను అడిగితే ఆయన జవాబు చెప్పలేదు.

ఇక మీరు అడిగిన దారి. గ్రీకు భాషలో ‘హైపో’ అంటే కింద, ‘హైపర్’ అంటే పైన. సంస్కృతంలోని ‘ఉప’, ‘ఉపరి’ ఈ రెండింటికీ తోబుట్టువులు. మూలభాష ఒకటే కావడం వల్ల అర్థమూ రూపమూ దగ్గరగా నిలిచాయి. సర్పంచి కింద ఉండేవాడు ఉపసర్పంచి. గోదావరిలో కలిసే శబరి ఉపనది. నీటి పైభాగం ఉపరితలం. ఉపరిలో రకారం ఉంది, హైపర్‌లోనూ ఉంది. ఉపలో లేదు, హైపోలోనూ లేదు. రకారం వినిపిస్తే పైకి, వినిపించకపోతే కిందికి. తెలుగు పిల్లవాడికి ఇంతకన్నా తేలికైన గుర్తు ఉండదని నా దృఢాభిప్రాయం. అయినా ఒక్క పాఠశాలలోనూ ఇది చెప్పగా నేను వినలేదు. నేనే చెప్పలేదు, ఆ వరద వచ్చేదాకా.

ఈ ‘కింద’ అన్నది కొన్నిచోట్ల స్థానాన్ని, కొన్నిచోట్ల పరిమాణాన్ని చెబుతుంది. హైపోడెర్మిక్ సూది చర్మం కిందికి దిగేది, హైపోథలామస్ మెదడులో థలామస్‌కు కింద ఉండేది. పక్కటెముకల మృదులాస్థికి కింద ఉండే భాగం హైపోకాండ్రియం. లేని జబ్బు ఉందని బెంగపడే స్థితికి ఆ పేరే స్థిరపడడానికి కారణం, పూర్వులు ఆ దిగులు అక్కడే పుడుతుందని నమ్మడం. పరిమాణాన్ని చెప్పేచోట ‘హైపో’ అంటే తక్కువ. చివర ‘ఈమియా’ ఉంటే రక్తంలో అని. సోడియం తగ్గితే హైపోనేట్రీమియా, పొటాషియం తగ్గితే హైపోకేలీమియా.

కోనసీమవారికి ఈ చివరిదాని సంగతి మరీ ముఖ్యం. కొబ్బరినీళ్లలో పొటాషియం సమృద్ధిగా ఉంటుంది. విరేచనాలతో పొటాషియం పడిపోయిన మనిషికి బొండం మేలే చేస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిని హైపర్‌కేలీమియా వచ్చిన మనిషికి అదే బొండం గుండె లయను తప్పించగలదు. నీరసంగా ఉన్నారనగానే మంచం పక్కన బొండం కొట్టి ఇవ్వడం మా వైపు మర్యాద. ఇంట్లో మూత్రపిండాల రోగి ఉంటే డాక్టరును అడగకుండా ఆ మర్యాద చేయకూడదు.

‘హైపర్‌టెన్షన్’ అన్న మాట చేసిన చెరుపు వేరే రకం. తెలుగులో టెన్షన్ అంటే మనసులోని ఆందోళన. ‘నాకు టెన్షన్లేమీ లేవు, పిల్లలు స్థిరపడ్డారు’ అంటూ 140/90 దాటిన రక్తపోటుకు మాత్రలు మానేసిన రైతులు నాకు తెలుసు. అధిక రక్తపోటు అన్న చక్కటి మాట ఉండగా దాన్ని వాడకపోవడం నన్ను చాలా బాధిస్తుంది.

నిజానికి ఉండవలసింది తక్కువైతే ప్రమాదమన్న విషయం మా ప్రాంతం వారికి కొత్త కాదు. భీమవరం వైపు చేపల చెరువుల రైతుకు తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుందని, చేపలు నోళ్లు పైకి పెడతాయని, ఏరియేటర్లు వెయ్యాలని ఎవరూ చెప్పనక్కరలేదు. వైద్యులు హైపాక్సియా అనేది కూడా ఆక్సిజన్ లోటునే. వరద తగ్గాక బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడరులో ఉన్నది కాల్షియం హైపోక్లోరైట్. క్లోరైట్‌లో ఆక్సిజన్ పరమాణువులు రెండు, హైపోక్లోరైట్‌లో ఒకటే, అందుకే ఆ పేరు. విషయం చేతిలో ఉంది, మాట ఒక్కటే పరాయిది.

2016లో భారత వైద్య మండలి, మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాలలో రాయాలని నిబంధన పెట్టింది. రోగి ఇంటికి పట్టుకెళ్లే హెచ్చరికకూ అంతే శ్రద్ధ కావాలి. ‘హైపో’ అని రాసేచోట ‘షుగర్ తగ్గితే’ అని తెలుగులో రాయడానికి రెండు క్షణాలు కూడా పట్టదు.

ఆ పడవ ప్రయాణం నుంచి తిరిగివచ్చిన రోజే ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి నాన్నగారి బీరువా తలుపుకు అంటించాను: ‘చల్లని చెమట, వణుకు, తికమక మాటలు వస్తే షుగర్ తగ్గినట్టు. ఇన్సులిన్ వేయకూడదు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.’ మా ఊళ్లో ఎవరికి ఇన్సులిన్ మొదలుపెట్టినా ఇప్పటికీ అదే రాసి ఇస్తున్నాను. నాన్నగారి అట్టముక్క మాత్రం నా దగ్గరే ఉంది. నా అక్షరాల కింద ఆయన పెన్సిలుతో, తన వంకర రాతలో, ‘పూతరేకు తరువాత’ అని చేర్చారు.