‘చెమ్మీన్’లో పళనిని సముద్ర దేవత కడలమ్మే శిక్షించిందా?

అలా అనుకోనక్కర్లేదు, తకళి శివశంకర పిళ్ళై 1956 నాటి ఈ మలయాళ నవలలో పళనిని సముద్రం మీద ఒంటరిని చేసింది ఊరి పుకార్లే. భార్య శీలం తప్పితే వేటకెళ్లిన మొగుడు తిరిగి రాడని ఆ ఒడ్డున గట్టి నమ్మకం. పళని భార్య కరుత్తమ్మ పాత ప్రేమ గురించి గుసగుసలు మొదలవగానే తోటి జాలర్లు పళనితో పడవెక్కడానికి భయపడతారు. పాపం, అతను చిన్న పడవలో గాలం పట్టుకుని ఒక్కడే పోతాడు. చివరి రాత్రి గాలానికి పెద్ద సొరచేప తగిలి పడవను సుడిలోకి లాక్కుపోతుంది. సాయానికి పక్కన మనిషి లేడు.

చాలామంది దీన్ని కరుత్తమ్మ తప్పుకు శిక్షగానే చదువుతారు. ఆమె పాత ప్రేమికుడు పరీకుట్టిని కలిసింది ఆ రాత్రే కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ పడవ, వలల కోసం పరీకుట్టి దగ్గర డబ్బు తీసుకుని తీర్చని ఆమె తండ్రి చెంబన్‌కుంజు దురాశను వాళ్లు మర్చిపోతారు.