పొడి డబ్బాకు పెట్టే డబ్బుతో సంత చేయండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా బిస్సంకటక్. అమ్మాయికి 14 ఏళ్లు. హిమోగ్లోబిన్ 9.6 ఉందని డాక్టరు గారు ఐరన్ మాత్రలు రాశారు. రోజూ బీట్‌రూట్ రసం పట్టిస్తున్నాను. తెలిసినవాళ్లు పోషకాల పొడి డబ్బా కొనమంటున్నారు, 900 రూపాయలట. మా ఇంట్లో మూడు పూటలా అన్నమే. మా వారు ఆకుకూర కంటబడితే కంచం పక్కకు నెడతారు. పక్కింటివాళ్లలా మాండియా (రాగి) జావ కాద్దామంటే, అది కూలివాళ్ల తిండి అంటారు మా అత్తగారు. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బా వద్దమ్మా. మాత్రలు మాత్రం ఆపకండి. 9.6కు దిగాక తిండి ఒక్కదానితోనే రక్తం త్వరగా పుంజుకోదు. డాక్టరు చెప్పినన్నాళ్లూ మాత్ర వేయించండి, తిండిని దానికి తోడు చేయండి. మాత్రల వల్ల విరేచనం నల్లగా అవుతుంది, కంగారు పడకండి.

ఎర్రగా ఉంది కాబట్టి బీట్‌రూట్ రక్తం పట్టిస్తుందని ఎవరు మొదలుపెట్టారో గాని, 100 గ్రాముల దుంపలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. మీ అమ్మాయి వయసుకు రోజుకు దాదాపు 30 మిల్లీగ్రాములు కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఎన్ని గ్లాసులు పట్టిస్తారు?

మీకు చాటికోన సంత దగ్గరే కదా. బుధవారం డొంగరియా కొంధు గిరిజనులు నియమగిరి కొండలు దిగి వచ్చేది అక్కడికే. ఆ 900 పట్టుకుని వెళ్లండి. కందులు, ఉలవలు, చోళ్లు (మీరన్న మాండియా, అంటే రాగులే), నువ్వులు, దొరికిన ఆకుకూరలు తెచ్చుకోండి. సంచీ నిండాక కూడా చేతిలో డబ్బు మిగులుతుంది.

మీ వారి సంగతికి దాలమా ఉంది, కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు. ఒడిశాలో ఉంటూ దాలమా వండని తెలుగిల్లు నేనైతే చూడలేదు. కందిపప్పు, పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడి ఉడికాక, రెండు గుప్పిళ్ల మునగాకును కాడలు లేకుండా దూసి, సన్నగా తరిగి వేయండి. రెండు పొంగులు రానిచ్చి దించేయండి. పైన ఒక చెంచా నెయ్యి వేసి, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లండి. ఆ ఘాటు ముందు ఆకు వాసన నిలవదు. నెయ్యి రుచికే కాదు, ఆకులోని విటమిన్ ఎ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాలి. నిమ్మకాయను మాత్రం గిన్నెలో కాకుండా కంచంలో పిండండి. ఆకుల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును ఒంటికి పట్టించేది అందులోని విటమిన్ సి. పొయ్యి మీద అది చాలావరకు పోతుంది.

టీ సంగతి మీరు రాయలేదు గాని అడుగుతున్నాను. అన్నం తిన్న వెంటనే అమ్మాయి టీ తాగుతోందా? రాయగడ పల్లెల్లో అంగన్వాడీ సూపర్‌వైజరుగా తిరిగిన రోజుల్లో ఈ అలవాటు ఇంటింటా చూశాను. టీ ఇనుమును ఒంటికి అందనివ్వదు. అన్నానికీ మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి.

మాంసం తినేవాళ్లయితే వారానికోసారి మేక కార్జం పెట్టండి. ఏ ఆకులోని ఇనుమూ అంత సులువుగా ఒంటబట్టదు.

ఇక చోళ్లు. వాటి గొప్పతనం ఇనుములో కన్నా కాల్షియంలో ఉంది. 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అంతే పాలలో 120 దాకా ఉంటుంది. ఎముక పెరిగే వయసు పిల్లకు ఇది చిన్న విషయం కాదు. రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలక తెల్లగా కనిపించగానే ఎండబెట్టి, దోరగా వేయించి మర పట్టించండి. మొలకెత్తితే ఇనుము, కాల్షియం మరింత బాగా ఒంటబడతాయి.

అత్తగారితో వాదనకు దిగకండి. ఆ ‘కూలివాళ్ల తిండి’ కోసమే ఒడిశా ప్రభుత్వం 2017లో ప్రత్యేకంగా ఒక మిషన్ పెట్టిందని చెబితే ఆవిడ వింటారని నాకు నమ్మకం లేదు. అదే పిండిలో బెల్లం, నువ్వులు, కాస్త నెయ్యి వేసి ఉండలు చుట్టి, మొదటిది ఆవిడ చేతికే ఇవ్వండి.

ప్రశ్న: నేను బరంపురంలో రిటైరైన ఉద్యోగిని. షుగరు తగ్గుతుందని రోజూ పొద్దున రాగిజావ తాగి, తర్వాత నాలుగు ఇడ్లీలు తింటున్నాను. ఎందుకు తగ్గడం లేదు?

జవాబు: కారణం మీ ప్రశ్నలోనే ఉందండీ. మీరు జావ కలిపారే గాని ఇడ్లీ తీయలేదు. రాగుల్లోనూ పిండిపదార్థం బియ్యానికి కొంచెమే తక్కువ. పైగా పలుచగా మరిగిన జావ ఇట్టే అరిగి చక్కెరగా మారుతుంది. రెండూ మాని, జల్లించని రాగిపిండిలో ఉల్లిపాయ, మునగాకు కలిపి రెండు రొట్టెలు కాల్చుకుని, గట్టి పెసరపప్పుతో తినండి. మందులు మాత్రం మీ డాక్టరు చెప్పినట్టే వాడండి.

ప్రశ్న: ఎండాకాలమంతా పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) తినవచ్చా? అందులో బలమేమీ ఉండదంటున్నారు. (పర్లాకిమిడి నుంచి)

జవాబు: తినవచ్చు. ఆ నీళ్లు పారబోయకండి. బలం సంగతి పక్కన ఏం పెట్టుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరపతో సరిపెట్టకుండా వేయించిన తోటకూర, మినప వడియాలు, ముల్లుతో నమిలే చిన్న చేపలు పెట్టుకోండి. రక్తపోటు ఉంటే ఉప్పు దగ్గర చేయి బిగబట్టండి. రాత్రి నానిన అన్నం మధ్యాహ్నానికల్లా అయిపోవాలి. జిగురు తేలితే పారబోయండి.