పొగకీ పక్షవాతానికీ సంబంధముందా?

ప్రశ్న: మా ఆయన బెంగళూరులో ఆటో నడుపుతారు. సగం పొద్దు సిల్క్ బోర్డు సిగ్నల్ దగ్గరే. ఇంటికొచ్చి ముఖం తుడుచుకుంటే తువ్వాలు నల్లబడుతుంది. బీపీ కూడా ఉంది. పొగ వల్ల పక్షవాతం వస్తుందా డాక్టరు గారూ?
– ఒక సోదరి, మడివాళ

జవాబు: ముప్పు పెరుగుతుందమ్మా. తువ్వాలుకంటిన మసి కన్నా కంటికి కనపడని ధూళితోనే నా భయం. 2.5 మైక్రాన్లకు మించని ఆ రేణువులు ఊపిరితిత్తుల లోతుకు దిగి, రక్తనాళాలను దెబ్బతీసి, బీపీ పెంచుతాయి. రక్తం గడ్డకట్టే గుణమూ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ఏడాది సగటున ఘనపు మీటరు గాలికి 5 మైక్రోగ్రాములే. మన దేశం పెట్టుకున్న హద్దు 40.

బీపీ మాత్ర ఒక్కరోజు కూడా మాననివ్వకండి. రుమాలు చాలదు, ఎన్95 కట్టుకోమనండి. మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా తెల్లారేదాకా ఆగొద్దు తల్లీ. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపే ఇవ్వాలి.